చీకట్లో ఆరు మైక్రోఆంపియర్లు

మధులత టీచర్ చేసిన పనిని కళ్ళారా చూసినవాళ్ళు పది మంది కూడా ఉండరు. వాళ్ళలో సగం మంది ఆ మధ్యాహ్నం భోజనాల వేళకే మరిచిపోయుంటారు. ఆమె మాత్రం ఏడాదిన్నర దాటినా మరిచిపోలేదు.

కడపలో ఒక ఉన్నత పాఠశాల ఆవరణలో జిల్లా స్థాయి సైన్స్ ప్రదర్శన జరుగుతోంది. ఇరవై రెండేళ్ళుగా పదో తరగతికి ఫిజిక్స్ చెప్తున్న మధులతను, వీరభద్ర అనే జూనియర్ కాలేజీ లెక్చరర్‌ను ఆ విభాగానికి న్యాయనిర్ణేతలుగా వేశారు. అరవై మూడు ప్రాజెక్టులు. మధ్యాహ్నం రెండుకల్లా మార్కులు ఇచ్చేయాలి. ఒక్కో బల్ల దగ్గర అయిదు నిమిషాలు కూడా నిలబడే తీరిక లేదు.

పదహారో బల్ల మీద కడపలోనే ఉన్న ఒక ప్రైవేటు స్కూల్ పిల్లలు రాత్రి కాగానే వాటంతట అవే వెలిగే వీధి దీపాలు పెట్టారు. కోటు, టై వేసుకున్న అమ్మాయి ఇంగ్లీషులో గలగలా చెప్పుకుపోయింది. దీపాలు వెలిగాయి. మధులత నవ్వి, యాభైకి నలభై నాలుగు వేసి ముందుకు జరిగింది.

పదిహేడో బల్ల దగ్గర క్రిస్టినా ఉంది. వేంపల్లె దగ్గర బండమీదపల్లె జిల్లా పరిషత్ స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. అట్ట మీద స్కెచ్ పెన్నుతో 'ఇంట్లో చేసిన సోలార్ సెల్' అని రాసి పెట్టుకుంది. బల్ల మీద ఫోటో ఫ్రేము సైజులో రెండు గాజుపలకలు, మధ్యలో రెండు రాగి రేకులు, చుట్టూ నీళ్ళు కారకుండా గట్టిగా పూసిన ఎంసీల్. వెనక దళసరి అట్ట. రెండు తీగలు మీటర్‌కు పోతున్నాయి.

"ఏంటిది?" అంది మధులత.

"రాగిరేకును కరెంటు కాయిల్ పొయ్యి మీద అరగంట కాలిస్తే నల్లగా అయితాది మేడమ్. పొయ్యి మీదనే మెల్లగా చల్లారనిస్తే ఆ నలుపు పెంకులు పెంకులుగా రాలిపోతాది. కింద ఎర్రపొర మిగులుతాది. దాని మీద ఎండ పడితే కరెంటు పుడ్తాది. ఇంకో రేకు కాల్చకుండా పెట్టినా. మధ్యలో ఉప్పునీళ్ళు."

కిటికీలోంచి ఎండ సరిగ్గా ఆ బల్ల మీద పడుతోంది. మీటర్‌లో ముప్పై నాలుగు మైక్రోఆంపియర్లు చూపిస్తోంది. అంత కొంచెం కరెంటుతో చీమంత బల్బు కూడా వెలగదు. కానీ సూపర్‌బజారులో కొన్న సోలార్ పలక కాదు, ఒక పిల్ల పొయ్యి మీద కాల్చిన రేకు. మధులతకు అది నమ్మబుద్ధి కాలేదు. చేతిలో ఉన్న మార్కుల ఫైలును ఆ గాజు మీద అడ్డంగా పెట్టింది. అంకె గబగబా దిగింది. ఇరవై, పన్నెండు, ఎనిమిది, ఆరు. ఆరు దగ్గర నిలబడిపోయింది.

"వెలుతురు లేకపోతే సున్నా రావాల గదా?"

"రాదు మేడమ్. ఆరు ఉంటాది."

"ఎందుకుంటాది?"

"తెలీదు మేడమ్. నేను పుస్తకంలో..."

"లోపల ఏం పెట్టినావు?"

క్రిస్టినాకు ప్రశ్న అర్థం కాలేదు. ఆ తికమకే మధులతకు తప్పు దొరికినట్టు అనిపించింది. వెనక అట్ట దళసరిగా ఉంది. గడియారంలో వేసే బ్యాటరీ ఒకటి సులభంగా పడుతుంది. ఫ్రేమును చేతిలోకి తీసుకుంది.

"మేడమ్, తెరవద్దు మేడమ్. తెరిస్తే పాడైపోతాది."

ఆ మాటతో మధులతకు అనుమానం రూఢి అయింది. పక్క బల్ల మీదున్న కత్తెర తీసుకుని, మొనను ఎంసీల్ కిందికి దూర్చి పైకి లేపింది. ఎంసీల్ రాలేదు, గాజుపలక పటుక్కుమని పగిలింది. ఉప్పునీళ్ళు బల్ల మీద, చార్టు మీద, క్రిస్టినా బట్టల మీద పడ్డాయి. కత్తెర మొన ఎర్రపొర మీద అడ్డంగా గీసుకుపోయి కింద ఉన్న రాగి తళుక్కుమంది. మధులత వెనక అట్టను కూడా చించి చూసింది. తడిసిన అట్ట, రెండు రేకులు, రెండు తీగలు. ఇంకేమీ లేదు.

"ఏమీ లేదు గదా మేడమ్," అన్నాడు వీరభద్ర మెల్లగా.

చుట్టూ ఆరేడు మంది పిల్లలు నిలబడి చూస్తున్నారు. మధులతకు చెవులు వేడెక్కాయి. అప్పుడు ఒక్క మాట అనుంటే సరిపోయేది. అనలేదు.

"కొంతమంది బ్యాటరీలు పెట్టి తెస్తాండారు. అందుకే చూడాల్సి వచ్చింది," అంది. "ఇంకా గట్టి గాజు వాడాల్సింది నువ్వు."

క్రిస్టినా ఏడవలేదు. చున్నీ కొసతో బల్ల మీది నీళ్ళు తుడవడం మొదలుపెట్టింది. మధులత పద్దెనిమిది మార్కులు వేసి, పద్దెనిమిదో బల్ల దగ్గరికి నడిచింది.

ఆదివారం ఇంట్లో కూర్చుని, పిల్లల రికార్డు పుస్తకాలు చూసి ఒక్కొక్కరికి రెండు వాక్యాల అభిప్రాయం రాయాలి. అరవై మూడు పుస్తకాల్లో సగానికి పైగా జిరాక్సు కాగితాలు అతికించినవే. పదిహేడో నంబరు పుస్తకం రెండు రూళ్ళ నోట్‌బుక్. మధులత దాన్ని పక్కన పెట్టి మిగతావన్నీ ముగించింది. చివరికి అదొక్కటే మిగిలితే తెరవక తప్పలేదు.

మొదటి పేజీ నుంచి తేదీలు వేసి రాసుకుంది ఆ పిల్ల. 'పాత సామాన్ల అంగట్లో రాగిరేకు దొరికింది. నిమ్మకాయ, బూడిదతో తోమినాను.' 'కట్టెల పొయ్యి మీద కాల్చినాను. మసి పట్టింది, ఏమీ రాలేదు.' 'సుబ్బయ్య సార్ కాయిల్ పొయ్యి ఇచ్చినారు. రేకు నల్లగా అయింది. తొందరపడి నీళ్ళు పోసినాను. ఎర్రపొర కూడా లేచిపోయింది. పొయ్యి మీదనే చల్లారనీయాల.' 'ఈరోజు చెయ్యి కాలింది.' అట్లా పదకొండు సార్లు. పన్నెండోసారి ఎర్రపొర నిలిచింది. ఎండలో, నీడలో, మబ్బు పట్టినప్పుడు మీటర్ ఎంత చూపించిందో గంట గంటకూ పట్టిక గీసింది.

తొమ్మిదో పేజీలో ఎర్ర ఇంకుతో రాసి ఉంది: 'దుప్పటి కప్పి చూసినాను. 6 వస్తాంది. పెట్టెలో పెట్టి చూసినాను. 6. వెలుతురు లేకుండా కరెంటు ఎట్ల వస్తాంది? నేను ఎక్కడో తప్పు చేసినానేమో. కడపలో పెద్ద సార్లు వస్తారు, వాళ్ళను అడగాల.'

మధులత పుస్తకం మూసి వంటింట్లోకి పోయి నీళ్ళు తాగింది. మళ్ళీ వచ్చి అదే పేజీ తీసింది. అడగాలని వచ్చిన పిల్ల నోరు తెరిచేలోపే తను కత్తెర తీసుకుంది.

అయినా మనసు ఊరుకోలేదు. ఆ పిల్ల ఎక్కడో మోసం చేసే ఉండాలని ఆమె కోరుకుంది. అట్లా కోరుకుంటున్నానని తెలిసి కూడా కోరుకుంది. మరుసటి రోజు బజారుకు పోయి పాత్రల అంగట్లో రాగిరేకు ముక్క కొనుక్కుంది. ఇంట్లో మూలన పడి ఉన్న కాయిల్ పొయ్యి దుమ్ము దులిపింది. మొదటిసారి నీళ్ళు చల్లకపోయినా, ఓపిక పట్టలేక నల్లపొరను చెంచాతో గీకింది. ఎర్రది కూడా పోయింది. ఆ పిల్ల నోట్‌బుక్ తెరిచి పెట్టుకుని, ఏడో పేజీలో చెప్పినట్టు రెండోసారి చేసింది. పొయ్యి ఆర్పేసి అరగంట కదలకుండా కూర్చుంది. నలుపు దానంతటదే చిటపటా పెంకులు లేచింది. కింద కుంకుడుకాయ రంగులో ఎర్రపొర.

ప్లాస్టిక్ డబ్బాలో ఉప్పునీళ్ళు పోసి, రెండు రేకులూ ఎదురెదురుగా నిలబెట్టి మిద్దె మీదికి తీసుకుపోయింది. మీటర్‌లో నలభై ఒకటి. డబ్బా తెచ్చి బీరువాలో పెట్టి, తీగలు మాత్రం బయటికి వచ్చేట్టు తలుపు మూసింది. అంకె దిగింది. అయిదు దగ్గర నిలబడింది.

ఆమె ఆ బీరువా ముందే నేల మీద కూర్చుండిపోయింది. ఉప్పునీళ్ళలో రెండు రకాల రేకులు ముంచితే వెలుతురుతో పని లేకుండా కొంచెం కరెంటు వస్తుంది. ఒకటి మామూలు రాగి, ఇంకొకటి పొర కట్టిన రాగి. రెండూ ఒకటి కాదు. బ్యాటరీ పాఠం అంటేనే అది. ఇరవై రెండేళ్ళుగా నల్లబల్ల మీద ఆమె బొమ్మ వేసి చెప్తున్న పాఠం. ఆ బల్ల దగ్గర ఒక్క నిమిషం నిలబడి ఆలోచించి ఉంటే తట్టేది. వీధి దీపాల పిల్లల దగ్గరయితే ఆలోచించేదేమో. వాళ్ళ దీపాల కింద ఏముందో ఆమె అసలు ఎత్తి చూడలేదు.

ఎన్నడూ లేనిది ఆమెకు పత్తికొండ దగ్గర తమ చేను గుర్తొచ్చింది. టమోటా కోతల రోజుల్లో సాయంత్రం కూలోళ్ళు ఇళ్ళకు పోయేటప్పుడు వాళ్ళ నాయన గట్టు మీద నిలబడి అందరి మూటలూ విప్పించి చూసేవాడు. ఎనిమిదేళ్ళ మధులత పక్కన ఉండేది. ఒక్కోసారి "నువ్వు చూడమ్మా" అనేవాడు. చిన్న చేతులతో సద్దిమూటలు విప్పేది. చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. ఏమీ లేకపోతే ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు, మూట మళ్ళీ కట్టుకుని పోయేవాళ్ళు. అదొక తప్పని ఆమెకు నలభై ఆరేళ్ళు వచ్చేదాకా తోచలేదు.

ప్రదర్శన నిర్వాహకులకు ఫోన్ చేసింది. "మార్కులు మారుస్తా" అంది. రాష్ట్రానికి పోయే జాబితా శుక్రవారమే పంపించేశామని, ఇప్పుడు కదిలిస్తే అందరికీ ఇబ్బందని అవతలివైపు మర్యాదగానే చెప్పారు. జరిగిందంతా రాసి పంపింది. జవాబు రాలేదు.

అప్పుడు సుబ్బయ్య సార్ నంబరు పట్టుకుంది. బండమీదపల్లెలో సైన్స్ టీచర్. ఆ రోజు ప్రదర్శనలో పేర్ల నమోదు దగ్గర ఇరుక్కుపోయాడు, బల్ల దగ్గరికి వచ్చేసరికి అంతా అయిపోయింది.

"క్రిస్టినా ఎట్లుండాది సార్?"

"బడికి వస్తాంది మేడమ్. మాట్లాడదు. ఆ రోజు బస్సులో ఇంకో పల్లె పిల్లోళ్ళు ఉన్న్యారు. లోపల బ్యాటరీ దొరికిందంట అని ఊరంతా చెప్పినారు. ఇప్పుడు స్కూల్లో పిల్లోళ్ళు ఆ పిల్లను 'బ్యాటరీ' అని పిలుస్తాండారు. నేను ఎంత చెప్పినా ఎవరూ వినరు. కడప మేడమ్ చూసి చెప్పింది గదా అంటారు."

"నేను వస్తా సార్. ప్రార్థన టైములో పిల్లలందరి ముందరా నేనే చెప్తా."

"రండి మేడమ్," అన్నాడు. తిట్టుంటే బాగుండేదనిపించింది ఆమెకు.

పై వారం మంగళవారం పొద్దున్నే బస్సెక్కి వేంపల్లెలో దిగి, ఆటోలో బండమీదపల్లె చేరింది. స్కూలు చుట్టూ ప్రహరీకి నాపరాతి బండలు పేర్చారు. నూట యాభై మంది పిల్లలు వరసల్లో నిలబడి ఉన్నారు. గేటు దగ్గర చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఒక మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. క్రిస్టినా వాళ్ళ నాయన ఏసుబాబు అని సుబ్బయ్య సార్ చెప్పాడు. బండల గనిలో పని. ఆ పూట పని మాని వచ్చాడు.

దారి పొడుగునా ఏం చెప్పాలో మధులత మనసులో పేర్చుకుంటూనే వచ్చింది. మైకు ముందుకు పోగానే అంతా చెదిరిపోయింది.

"నేను మీ క్రిస్టినా ప్రాజెక్టుకు మార్కులు వేసిన టీచర్‌ని," అంది. "ఆ పిల్ల బ్యాటరీ పెట్టిందని నేను అనుమానపడినా. తెరవద్దని ఆ పిల్ల చెప్పినా వినకుండా పగలగొట్టి చూసినా. లోపల ఏమీ లేదు. లేదని తెలిసినాక కూడా తప్పు నాదని చెప్పలేదు. చీకట్లో ఆ సెల్ ఎందుకు పని చేస్తాదో నాకు తెలిసుండాల. తెలియకపోయింది. క్రిస్టినా మాత్రం ఆ సంగతి ముందే కనిపెట్టి పుస్తకంలో రాసింది. నేను ఆ పుస్తకం చదవకుండానే మార్కులు వేసినా." వరసల వైపు చూసింది. "మీరు ఆ పిల్లను ఏ పేరుతో పిలుస్తాండారో నాకు తెలుసు. ఆ పేరు నేను పెట్టిందే. దయచేసి మానేయండి."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమంటే సుబ్బయ్య సార్ కళ్ళెర్రజేశాడు. క్రిస్టినా మూడో వరసలో తల దించుకుని నిలబడింది. అందరి కళ్ళూ మళ్ళీ ఒకసారి తన మీదికి తిరిగినందుకు ఆ పిల్ల ఇంకా ముడుచుకుపోయింది. మధులత అది చూసింది. తను చేసిన తప్పు దిద్దుకోవడానికి వచ్చి మళ్ళీ ఆ పిల్లనే నలుగురి ముందర నిలబెట్టింది.

తరువాత సైన్స్ గదిలో ఇద్దరినీ కూర్చోబెట్టి సుబ్బయ్య సార్ వాకిలి బయట నిలబడ్డాడు. మధులత నోట్‌బుక్ బల్ల మీద పెట్టింది.

"ఎర్ర ఇంకుతో రాసినావు గదా, అది తప్పు కాదమ్మా. ఉప్పునీళ్ళలో రెండు రేకులూ వేరు వేరుగా ఉండాయి కాబట్టి వెలుతురు లేకపోయినా కొంచెం కరెంటు వస్తాది. నేను ఇంట్లో చేసి చూసినా. నాకు అయిదు వచ్చింది."

"నాకు ఆరు వచ్చింది," అంది క్రిస్టినా. ఆ రోజు తరువాత ఆమెతో అన్న మొదటి మాట అది.

"మళ్ళీ చేస్తావా? గాజు, రేకులు, మంచి మీటర్ అన్నీ నేను తెస్తా."

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. నోట్‌బుక్‌ను తన వైపు లాక్కుంది గానీ తెరవలేదు. తలెత్తి నేరుగా చూసింది.

"మేడమ్, నా పక్క బల్ల వాళ్ళది ఎందుకు తెరిచి చూడలేదు?"

మధులతకు చెప్పడానికి చాలా ఉన్నాయి. టైము లేదని, వాళ్ళ దీపాల్లో తేడా ఏమీ కనిపించలేదని. అవి అబద్ధాలు కూడా కావు. నోటిదాకా వచ్చాయి.

"వాళ్ళను నమ్మినా," అంది చివరికి. "నిన్ను నమ్మలేదు."

"ఎందుకు?"

"నీ బట్టలు చూసి. నీ మాట చూసి. నీది ఏ ఊరో చూసి." ఇంకొకటి కూడా ఉంది, ఆ పిల్ల పేరులోనే. అది ఆ పిల్లకు తెలియనిది కాదు. మధులత దాన్ని పైకి అనలేకపోయింది.

"నాకు లెక్కల పీరియడ్ ఉండాది మేడమ్," అని క్రిస్టినా లేచి, పుస్తకం చంకలో పెట్టుకుని పోయింది.

బస్సు ఆగే చోటిదాకా ఏసుబాబు వెంట వచ్చాడు. వద్దన్నా వినలేదు. వేరుశనగ చేలో పీకిన పచ్చి చెనక్కాయలు సంచి నిండా తెచ్చి చేతికిచ్చాడు. మధులత పుచ్చుకోలేక, వద్దనలేక అట్లనే పట్టుకుంది.

"మా పాప మిమ్మల్ని ఎదురు మాట అడిగిందంట మేడమ్. సారు చెప్పినారు. చిన్నది, తెలీక అడిగింది. మనసులో పెట్టుకోవద్దండి," అన్నాడు.

"ఏసుబాబూ, ఆ పాప అడిగింది న్యాయమైన మాట. నువ్వెందుకప్పా నాకు క్షమాపణ చెప్తావు? చెప్పుకోవాల్సింది నేను."

అతను రోడ్డు వైపు తిరిగాడు.

"ఆ రోజు ఇంటికొచ్చి నేను చేయలేదు నాయనా, నేను చేయలేదు నాయనా అని శానా ఏడ్చింది మేడమ్. అంత పెద్ద చదువులు చదివిన ఆయమ్మ ఊరికే అంటాదా అని నేనే కొట్టినా. ఎప్పుడూ చెయ్యెత్తినోణ్ణి కాదు." చొక్కా పైగుండీ సర్దుకున్నాడు. "ఈ పొద్దు మీరు చెప్పినాక అది నా వైపు తిరిగి కూడా చూడలేదు."

మధులత చేతిలో చెనక్కాయల సంచి బరువెక్కింది. పగిలింది గాజు ఒక్కటే అనుకుంది ఇన్నాళ్ళూ. తను వేంపల్లె దాటి రాకముందే తన మాట ఆ ఇంటిదాకా వచ్చి, ఈ తండ్రి చేతిలో దెబ్బై ఆ పిల్ల మీద పడింది.

"పాపకు చెప్పినావా?"

"కన్నబిడ్డకు ఎట్ల చెప్పేది మేడమ్? ఏమని చెప్పాల?"

"నాకూ తెలీదప్పా. నేను చెప్పింది నువ్వు కూడా విన్నావు గదా. సరిగ్గా రాలేదు. అయినా చెప్పాల."

అతను తల ఊపాడు. చెప్తాడో చెప్పడో ఆ ఊపులో తెలియలేదు. బస్సు వచ్చింది.

రాష్ట్రానికి పోయిన జాబితా మారలేదు. వీధి దీపాలకే అక్కడ రెండో బహుమతి వచ్చింది. మరుసటేడు న్యాయనిర్ణేతగా రమ్మని పిలిస్తే మధులత ఒప్పుకోలేదు. ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. అవతలివాళ్ళు ఇంత చిన్న విషయానికా అన్నారు. క్రిస్టినా పదో తరగతి మంచి మార్కులతో పాసై కడపలో ఎలక్ట్రికల్ డిప్లొమాలో చేరిందని సుబ్బయ్య సార్ ఫోన్‌లో చెప్పాడు. సోలార్ సెల్ మళ్ళీ చేయలేదట. "మీరొకసారి చెప్పి చూస్తారా మేడమ్?" అని అడిగాడు. ఆ మాట అడగడానికి తనకు ముఖం లేదంది మధులత.

మొన్న ఆషాఢంలో కడప బస్టాండులో ఆ పిల్ల కనబడింది. పొడుగయింది. ముగ్గురు నలుగురు స్నేహితురాళ్ళతో నవ్వుతూ మాట్లాడుతోంది. మధులతను చూసింది. ఏ టీచర్‌కైనా పెట్టినట్టే చేతులెత్తి నమస్కారం పెట్టి, మళ్ళీ స్నేహితురాళ్ళ వైపు తిరిగింది. ఆ ముఖంలో కోపం లేదు, చనువూ లేదు. వాళ్ళ బస్సు రాగానే ఎక్కి, కిటికీ పక్క సీటు కోసం ఒకరినొకరు తోసుకున్నారు.

మధులత ఎక్కాల్సిన బస్సు పక్క ప్లాట్‌ఫాం నుంచి కదిలిపోతున్నా ఆమె చూసుకోలేదు. తిరిగి నమస్కారం పెట్టడానికి ఎత్తిన ఆమె చేతులు అట్లనే ఉండిపోయాయి.